మంచినీళ్లలో వెయ్యి చూపాలి

దమ్మపేట,
6 మే 1979.

తమ్ముడు ఆరోగ్యానికి అక్క సంపూర్ణ రాసేది.

నువ్వు క్షేమంగా బోధన్ చేరినట్టు కార్డు అందింది. ఇక్కడున్న నాలుగు రోజులూ నాతో ఒక్క మాటైనా మాట్లాడలేదని నొచ్చుకున్నావు. నోరు రాలేదురా. ఇప్పుడు రాస్తున్నాను. మూడో తరగతి చదువు, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నా యేసుదానం పోయి నేటికి పద్దెనిమిది రోజులు. నువ్వు వెళ్లిన మర్నాడు క్యాంపు మేనేజరు వెంకటరామారావు గారు ఒక కాగితం పంపారు. అది ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "మా అడవి క్యాంపు బంగళాలో వంటమనిషి యేసుదానం, వయసు ఇరవై మూడు, ఎరిక్ దొరగారి కోసం బంగళాలో తయారుచేసే బీరును పూర్తిగా పులియకముందే, తాగిన మైకంలో సీసాల్లో నింపి మూతలు బిగించెను. అందువల్ల 18వ తేదీన సీసాలు పేలి, గాజు మెడలో దిగి మరణించెను. ఇందులో క్యాంపు వారి తప్పిదమేమీ లేదు."

ఈ కాగితం నకలు చర్చి అయ్యగారికి కూడా పంపారు. ఆయన చదివి మడిచి బైబిల్లో పెట్టుకున్నాడు. సమాధి దగ్గర ఆయన రెండే మాటలు చెప్పి వెళ్లిపోవడం నువ్వూ చూశావు. ఇప్పుడు వాడి కోసం ప్రార్థన చేసే ఆదరణ కూడిక చర్చిలో పెట్టనంటున్నాడు. సంఘ పెద్ద భీమయ్య అందరి ముందూ అన్నాడు, "సారాల పుట్టిన చావుకు చర్చిల పాటలేందమ్మా?" అని. మీ బావ పోయినప్పుడు చర్చి నిండా జనం. నా కొడుక్కి ఒక్క పాట లేదు.

వాడు తాగేవాడా? నాకు తెలియదు. తాగడని నేను అంటే తల్లి కాబట్టి అంటుందంటారు.

వాడి ట్రంకు పెట్టె తెచ్చి ఇచ్చారు. అందులో బట్టలు, నోటుబుక్కు, నువ్విచ్చిన ఆ తేలే గాజుపుల్ల ఉన్నాయి. బుక్కు చివరి పేజీలో ఇలా రాసి ఉంది. మొదటి రోజు 1048. నాలుగో రోజు 1022. ఏడో రోజు 1014. తొమ్మిదో రోజు 1010. పదో రోజు 1010. పదకొండో రోజు 1010. దాని కింద, "మూడు రోజులు కదలలేదు. దొర పుస్తకంలో కూడా 1010. రేపు సీసాలకు."

నువ్వు ఫ్యాక్టరీ ల్యాబులో ఉంటావు. ఈ అంకెలంటే ఏంటో నీకు తెలుసు. తాగిన మైకంలో ఉన్నవాడు ఇలా రాస్తాడా? వాడు సరిగ్గా కొలిచాడా లేదా, అది చెప్పు. సరిగ్గా కొలిచాడని నువ్వు రాసిస్తే ఆ కాగితం పట్టుకుని అయ్యగారి దగ్గరికి వెళ్తాను. నాకు కావలసింది అంతే.

అక్క,
సంపూర్ణ.


బోధన్,
19 మే 1979.

అక్కకు ఆరోగ్యం వందనాలు.

నీ ఉత్తరం ల్యాబులో చదవలేక ఇంటికి తెచ్చుకుని చదివాను. వాడి అంకెలు చూస్తే వాడి చేతిరాతే కళ్ల ముందుకొచ్చింది. ఏడు అంకె మీద అడ్డగీత పెడతాడు చూడు, అది నా దగ్గరే నేర్చాడు.

వాడు సరిగ్గానే కొలిచాడు. ఎలాగో నీకు అర్థమయ్యేలా రాస్తాను. ఆ గాజుపుల్ల పేరు హైడ్రోమీటరు. మా దగ్గర మొలాసిస్, అంటే చక్కెర తీశాక మిగిలే మడ్డి, పులియబెట్టేటప్పుడు మేమూ దాన్నే వాడతాం. తీపి ఎక్కువుంటే నీళ్లు బరువుగా ఉంటాయి, పుల్ల పైకి తేలుతుంది, పెద్ద అంకె చూపిస్తుంది. పులియబెట్టే ఈస్టు ఆ తీపిని తింటూ పోతే నీళ్లు పలచనవుతాయి, పుల్ల మునుగుతూ వస్తుంది, అంకె తగ్గుతుంది. మంచినీళ్లలో వెయ్యి చూపాలి. బీరు సుమారు 1010 దగ్గర ఆగిందంటే, మూడు రోజులు అక్కడే నిలిచిందంటే, పులియడం అయిపోయినట్టు. అప్పుడు సీసాల్లో పోసుకోవచ్చు. అంతకంటే ముందు మూత బిగిస్తే లోపల మిగిలిన తీపిని ఈస్టు తింటూనే ఉంటుంది, గ్యాసు పోయే దారి లేక సీసా పేలుతుంది.

వాడు మూడు రోజులు ఆగాడు. దొర పుస్తకంతో సరిచూసుకున్నాడు. ఇంకేం చేయాలి?

మరి ఎందుకు పేలాయంటావా? ఎండే కారణమని నా అనుమానం. వేడికి ఏ నీళ్లైనా పలచబడతాయి. ఆ పుల్లను చలిదేశాల లెక్కతో చేస్తారు. మన ఏప్రిల్ ఎండలో అది నాలుగైదు అంకెలు తక్కువ చూపిస్తుంది. అసలు 1015 ఉంటే వాడికి 1010 కనబడి ఉంటుంది. ఇది ఎవరి తప్పూ కాదక్కా. అయ్యగారికి ఇలాగే చెప్పు.

వేళకు అన్నం తిను.

తమ్ముడు,
ఆరోగ్యం.


దమ్మపేట,
2 జూన్ 1979.

తమ్ముడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎండ అన్నావు. అయ్యగారికి చూపించే ముందు నేనే ఒకసారి ఆ గది చూడాలనిపించింది. బస్సు దిగాక అడవిలో గంటన్నర నడిచి క్యాంపుకి వెళ్లాను. దొర తన దేశం వెళ్లిపోయాడు. మేనేజరు గారు కలవలేదు. వాచ్‌మన్ సోమ్లా ఉన్నాడు, మన యేసుదానానికి స్నేహితుడు. సమాధి దగ్గర ఎర్ర తలగుడ్డతో నిలబడ్డాడే, అతనే.

నన్ను చూసి నీళ్లిచ్చి, స్టూలు వేసి, తాను నేల మీద కూర్చున్నాడు. ముందు నా భయమే అడిగాను.

"నిజం చెప్పు సోమ్లా. వాడు తాగేటోడా?"

"అమ్మా, నా పిల్లల మీద ఒట్టు. ఒక్క చుక్క ముట్టలే. దొర గ్లాసు పట్టుకొని తాగు తాగు అంటే, 'వద్దు సార్, మా అమ్మ ముక్కు దమ్మపేట కాడ నుంచే పసిగడ్తది' అనేటోడు. దొర పడీపడీ నవ్వేటోడు."

నాకు నవ్వొచ్చింది తమ్ముడూ. వాడు పోయాక నవ్వడం అదే మొదలు. వెంటనే సిగ్గేసింది.

"మరి ఎండకు ఆ కొలత తప్పు చూపించిందంట గదా?" అన్నాను.

"ఎండేందమ్మా? బీరు పులిసేది దొర రూంలనే. అండ్ల చల్లగాలి మిషను రేయింబగళ్లు నడుస్తది. ఎండకాలంల గూడ గా రూంలకు పోతే నాకు దుప్పటి కావాలె. సీసాలు మాత్రం బయట రేకుల వరండల పెట్టిండ్రు. సీసాలకు జర వెచ్చగుండాలని దొర చెప్పిపోయిండు."

గది తలుపు తీసి చూపించాడు. మిషను ఉంది. గోడకు వేడి కొలిచే గాజుగొట్టం ఉంది. దాని పక్కన యేసుదానం రాసి అంటించిన కాగితం ఉంది, "20 దాటనీయరాదు" అని.

అంటే ఎండ కాదు. నువ్వు చెప్పింది సరిపోలేదు.

ఇంటికొచ్చాక నీ మాట గుర్తొచ్చింది, మంచినీళ్లలో వెయ్యి చూపాలని. కుండలో నీళ్లు ఇత్తడి చెంబు నిండా తీసి పుల్లను వదిలాను. వెయ్యి గీత నీళ్లలోకి మునిగిపోయింది. పైన నాలుగు చిన్న గీతలు ఎక్కితే గానీ నీళ్ల మట్టం రాలేదు. ఒక్కో చిన్న గీత రెండని నువ్వే ఒకసారి వాడికి చెబుతుంటే విన్నాను. అంటే 992. ఎందుకు?

సంపూర్ణ.


బోధన్,
14 జూన్ 1979.

అక్కకు,

ఆ ఎండలో అంత దూరం నడవడమేంటి? నాకు ముందే రాస్తే సెలవు పెట్టి వచ్చేవాణ్ని.

కుండ నీళ్ల మీద ఆధారపడలేం. గాజుకు జిడ్డున్నా తేడా వస్తుంది. వానలు పడితే శుభ్రమైన గిన్నెలో వాన నీళ్లు పట్టి, పుల్లను మెత్తటి గుడ్డతో తుడిచి, మళ్లీ చూడు. నీళ్లు పోసేది వెడల్పు గిన్నె కాకూడదు, లోతుగా ఉండాలి, పుల్ల అడుగుకు గానీ అంచుకు గానీ తగలకూడదు.

ఇంకొక్కటి. వాడు ఎప్పుడైనా దాన్ని కింద పడేశాడా? పొయ్యి దగ్గర గానీ వేడిలో గానీ పెట్టాడా? నీకు తెలిస్తే రాయి. తెలియకపోతే వదిలెయ్.

ఆరోగ్యం.


దమ్మపేట,
27 జూన్ 1979.

తమ్ముడూ,

మొన్న మంచి వాన పడింది. పెరట్లో గుంజకు గుడ్డ కట్టి, వాన నీళ్లు వడగట్టి, లోతు గ్లాసులో పోసి చూశాను. అంచుకు తగలనివ్వలేదు. మూడుసార్లు చూశాను. 992. పక్కింటి ఆవిడ చూసి, "ఏందొదినా, ఇప్పుడు నువ్వు గూడ మొదలువెట్టినవా?" అని నవ్వింది.

వాడు కింద పడెయ్యలేదు. పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. క్రిస్మస్‌కు క్యాంపు ఖాళీ అవుతుంది, ఎవరైనా పగలగొడతారని లుంగీలో చుట్టి ఇంటికే తెచ్చాడు. జనవరి, ఫిబ్రవరి దొర లేడు, దానితో పని పడలేదు. మార్చిలోనే మళ్లీ తీశాడు.

వేడి అన్నావు. వాడు పెట్టలేదు గానీ ఆ క్రిస్మస్‌కు నేను కడిగాను. వాడు చుట్టిన ఆ లుంగీ విప్పి, "చూడమ్మా, మామయ్య ఇచ్చిండు" అని నా చేతిలో పెడితే గుప్పుమని వాసన.

"ఇది సారాల మునిగిందారా?"

"సారా గాదే, బీరు."

"ఏదైతేంది? పండుగ పూట ఇంట్లకు తేకు."

"మారుమనసు పొందిందిలేమ్మా. కావాలంటే బాప్తిస్మం ఇయ్యి" అని నవ్వుకుంటూ పాటల బృందంతో వెళ్లిపోయాడు.

నేను నిజంగానే ఇచ్చాను. పండగకు బట్టలు ఉడకబెట్టే కాగు పొయ్యి మీద మరుగుతుంటే, ఆ నీళ్లలో వేసి అన్నం ఉడికినంత సేపు ఉంచాను. తర్వాత బూడిదతో తోమాను. గాజు ఎక్కడా చిట్లలేదు, జాగ్రత్తగానే చేశాను. వాసన పూర్తిగా పోయింది. వాడు వచ్చి చూసి, "సంఘంల కలుపుకున్నవా అయితే?" అన్నాడు. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ వాడి గొంతే వినబడుతుంది.

ఇంతకీ 992 ఎందుకు చూపిస్తున్నదో రాయి. వెంటనే రాయి.

సంపూర్ణ.


బోధన్,
20 జూలై 1979.

అక్కకు,

ఆలస్యమైంది. ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను.

ఆ గాజుపుల్ల లోపల ఒక కాగితం చుట్టి ఉంటుంది, దాని మీదే అంకెలు. ఆ కాగితం కిందికి జారింది. అందుకే ఎక్కడ ముంచినా తక్కువ చూపిస్తుంది. నీళ్ల వెచ్చదనానికి రెండు పోను తేడా ఆరంకెలు, వాడికి 1010 కనబడ్డప్పుడు అసలున్నది 1016. దొర గది చలికి ఈస్టు మధ్యలోనే నిద్రపోయి ఉంటుంది, అందుకే మూడు రోజులు కదలలేదు. 1016 అని కనబడితే వాడికి అనుమానం వచ్చేది, కలిపి ఇంకో వారం ఆగేవాడు. సరిగ్గా దొర పుస్తకంలో ఉన్న అంకే కనబడేసరికి సీసాల్లో పోశాడు. రేకుల కింద వేడికి ఈస్టు లేచి మిగిలిన తీపిని తినడం మొదలుపెట్టింది.

ఆ పుల్ల నేనిచ్చింది. ల్యాబులో పక్కన పడేసిన పాతది. కాగితం కదులుతోందని నాకు అప్పుడే తెలుసు. చిన్న తేడాలే, ఇంటి బీరుకు ఏమవుతుందని ఇచ్చేశాను. తప్పు నాది అక్కా. వేరే ఎవరిదీ కాదు. ఎండ అని రాసింది కూడా నన్ను నేను కాపాడుకోవడానికే.

ఇదే సంగతి అయ్యగారికి వేరే ఉత్తరంలో సంతకం పెట్టి రాశాను. వాడు తాగలేదని, సరిగ్గా కొలిచాడని, మేనమామ ఇచ్చిన చెడిపోయిన వస్తువు వల్ల చనిపోయాడని. కూడిక పెట్టమని బతిమాలాను.

నన్ను క్షమించమని అడిగే ముఖం లేదు.

ఆరోగ్యం.


దమ్మపేట,
1 ఆగస్టు 1979.

ఆరోగ్యానికి,

నీ ఉత్తరం అందింది. అయ్యగారికీ అందింది. ఆయన పెద్దలను కూర్చోబెట్టి చదివాడు. భీమయ్య తల దించుకున్నాడు. ఆగస్టు 26 ఆదివారం ఆరాధన అయ్యాక చర్చిలోనే ఆదరణ కూడిక. వాడి పేరు చెప్పి ప్రార్థన చేస్తారట, నీ ఉత్తరం అందరి ముందూ చదువుతారట.

నాకు కావలసింది దొరికింది. నీకు కృతజ్ఞతలు చెప్పాలా?

అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నా చంకలో పెరిగావు. నా కొడుక్కి వస్తువు ఇచ్చేటప్పుడు చెడిపోయిందని తెలిసీ ఇచ్చావు. దుకాణంలో పుచ్చు వంకాయ ఇస్తేనే మనం తిరిగి ఇచ్చేస్తాం గదరా. శవం దగ్గర కూర్చుని నాతో పాటు ఏడ్చావు, అప్పుడూ నీకు తెలుసా?

కూడికకు నువ్వు రావద్దు. ఉత్తరాలు రాయవద్దు.

సంపూర్ణ.


బోధన్,
9 ఆగస్టు 1979.

అక్కకు,

నువ్వు చెప్పినట్టే రాను. కూడిక జరిగితే చాలు.

ఆరోగ్యం.


దమ్మపేట,
16 ఆగస్టు 1979.

ఆరోగ్యం,

రాయవద్దని నేనే అన్నాను, మళ్లీ నేనే రాస్తున్నాను.

కూడికలో పాడడానికి వాడికి ఇష్టమైన పాట ఎత్తి రాసుకుందామని వాడి నోటుబుక్కు మొదటినుంచి తిప్పాను. ఇన్నాళ్లూ చివరి పేజీ తప్ప తెరవలేదు, వాడి రాత చూడలేక. ముందంతా పాటలే. పాటల మధ్య ఒక పేజీలో ఇలా ఉంది. "నవంబరు 19. మామయ్య హైడ్రోమీటరు ఇచ్చాడు. 20 డిగ్రీల నీళ్లలో చూశాను. సరిగ్గా 1000. మామయ్య కూడా చూశాడు. కొత్తదే, పెట్టె కూడా ఉంది."

కొత్తది. పెట్టె కూడా ఉంది. ట్రంకు అడుగున వెతికితే పెట్టె దొరికింది. దాని మీద నీ చేతిరాత, "మా అల్లుడికి."

నవంబరులో వెయ్యి. జూన్‌లో 992. మధ్యలో అది దొర గదిలో ఉంది, లేకపోతే ఈ ఇంట్లో ఉంది. అది వాడి చేతిలో పడలేదు. నువ్వు వేడి గురించి అడిగావు. నేను కాగు గురించి రాశాను. దాని తర్వాత నువ్వు మూడు వారాలు ఉత్తరం రాయలేదు.

నా వంక చూసి చెబుతున్నావనుకుని ఒక్కటి రాయి. కాగితాన్ని దేనితో అంటిస్తారు?

అక్క.


బోధన్,
21 ఆగస్టు 1979.

అక్కకు,

మైనంతో.

సన్నని చుక్క మైనం. మరిగే నీళ్లలో కరిగిపోతుంది. కాగితం ఒక వడ్లగింజ పొడవు జారి, చల్లారాక అక్కడే అంటుకుపోయింది. నువ్వు చూసిన నీళ్ల వెచ్చదనం కింద రెండంకెలు తీసేసినా ఆరు మిగిలాయి. ఆ ఆరే.

నీకు తెలియదు అక్కా. లోపలున్నది మైనమని ల్యాబులో పనిచేసేవాళ్లకే సగం మందికి తెలియదు. ఒకసారి మా దగ్గర కొత్తగా వచ్చినతను వేడినీళ్లలో కడిగి మూడు పాడుచేశాడు. అది చూసిన నేను, వాడికి ఇచ్చేటప్పుడు వేడినీళ్లు తగలనివ్వకు అని చెప్పలేదు. ప్రతిసారీ ముందు మంచినీళ్లలో సరిచూసుకో అని కూడా చెప్పలేదు. ఒక్కసారి చూపించి ఊరుకున్నాను. కాబట్టి నేను రాసింది పూర్తి అబద్ధం కాదు. తప్పు నాదే అన్న మాట నిజమే, కథ మార్చానంతే.

నీ కాళ్లు పట్టుకుని అడుగుతున్నాను. ఆదివారం దాకా ఎవరికీ ఏమీ చెప్పకు. నా ఉత్తరం చదవనీ. నన్ను ఏమన్నా అననీ, బోధన్‌లో ఉన్న నాకు వినబడదు. వాడి పేరు బాగుపడుతుంది. నువ్వు ఆ ఊళ్లో బతకాలి.

తమ్ముడు,
ఆరోగ్యం.


దమ్మపేట,
30 ఆగస్టు 1979.

తమ్ముడు ఆరోగ్యానికి అక్క రాసేది.

నీ ఉత్తరం శుక్రవారం అందింది. శనివారం పొద్దున్నే అయ్యగారి ఇంటికి వెళ్లాను. నీకు కోపం వస్తుంది. రానీ.

మా అల్లుడికి అని నువ్వు పెట్టె మీద రాసి ఇచ్చిన వస్తువును, చెడిపోయిందని తెలిసి ఇచ్చాడని చర్చి నిండా జనం వినడం, నేను ముందు బెంచీలో కూర్చుని తల ఊపడం, అది నా వల్ల కాలేదు. వాడి పేరు కోసమే అయినా. వాడికి నువ్వంటే ప్రాణం. వాడి కూడికలో నిన్ను దొంగను చేస్తే వాడు ఊరుకునేవాడా?

నోటుబుక్కు, పెట్టె, పుల్ల, నీ ఉత్తరాలు అన్నీ పట్టుకెళ్లాను. భీమయ్య కూడా అక్కడే ఉన్నాడు. జరిగింది మొత్తం చెప్పాను. అయ్యగారి గ్లాసులోనే నీళ్లు పోయించి పుల్ల ముంచి చూపించాను. వాడు సరిగ్గానే కొలిచాడయ్యగారూ, కాగులో వేసింది నేను, నా తమ్ముడు నన్ను కప్పిపెట్టడానికి అలా రాశాడు అని చెప్పాను.

భీమయ్య ముందు మాట్లాడాడు. "మొన్న తమ్ముడు చేసిండన్నరు. ఇయ్యాల నువ్వు చేసినవంటున్నవ్. ఎల్లుండికి ఇంట్ల పిల్లి చేసిందంటరు. మేనేజరు ఒక్కడే మొదటినుంచి ఒక్క మాట మీదున్నడు."

"నీళ్లల చూసినవ్ గదయ్యా" అన్నాను.

"చూసిన. తప్పు చూపిస్తుంది. ఎవరు చెడగొట్టిన్రో అది చెప్తదా? తాగినోడు ఎక్కడన్న పడేసిండేమో."

అయ్యగారు అతన్ని ఆగమన్నాడు. మెల్లగానే మాట్లాడాడు, గట్టిగా అన్నా బాగుండేది. "సంపూర్ణమ్మా, కొడుకు పేరు కోసం తల్లి ఏ నిందైనా మీద వేసుకుంటుంది. తమ్ముడు అక్క కోసం వేసుకున్నాడు, నువ్వు తమ్ముడి కోసం వేసుకుంటున్నావు. మీ ప్రేమ గొప్పది. కానీ అబద్ధం మీద నేను చర్చిలో ప్రార్థన పెట్టలేను. ఏది నిజమో మీరు ముందు తేల్చుకోండి" అన్నాడు. నేను నిజం చెప్పాను, అబద్ధం ఆడానని ఆయన నన్ను మెచ్చుకున్నాడు తమ్ముడూ. ఇంక ఎవరికి ఏం చెప్పను? నువ్వు మళ్లీ వచ్చి ఒట్టు వేసినా అది కూడా ప్రేమే అంటారు. తేల్చుకోవడానికి ఇంకేం మిగల్లేదు.

నిన్ను నేను అనకూడని మాటలు అన్నాను. ఆ ఆగస్టు ఒకటో తేదీ ఉత్తరం నీ దగ్గరుంటే చించెయ్.

నువ్వు ప్రేమతో రాశావు. అలా రాయకుండా జూలైలోనే నాతో నిజం చెప్పి ఉంటే, ఒకే మాట వెళ్లి ఉండేది, నమ్మి ఉండేవాళ్లేమో. నమ్మి ఉండేవాళ్లు కాదేమో. నీకు చెప్పకుండా దాచడం చేతకాక రాస్తున్నాను గానీ నిన్ను అనడం లేదు. నేను కాగులో వేయకపోతే ఇవేవీ లేవు.

ఆదివారం ఆరాధనకు నేను వెళ్లలేదు. కూడిక లేదని అందరికీ శనివారమే తెలిసింది. సోమ్లాకు ఎవరూ చెప్పలేదు. అడవి దాటి నడిచి వచ్చాడు, ఉతికిన చొక్కా వేసుకుని. చర్చికి తాళం చూసి మా ఇంటికి వచ్చాడు.

"అయిపోయిందా అమ్మా? లేటైనానా?"

లేదు, కూడికే లేదని చెప్పాను. ఎందుకని అడగలేదు. అరుగు మీద కూర్చున్నాడు. అన్నం పెడితే తిన్నాడు. చేయి కడుక్కుని, "మీవాళ్లల్ల పాటలు పాడుతరంట గద. ఆని కోసం ఒక్కటి పాడు, ఇని పోత" అన్నాడు.

నోటుబుక్కు తెచ్చి పాడాను. సోమ్లాకు మన పాట రాదు, పెదవులు కదిలిస్తూ నేల చూస్తూ కూర్చున్నాడు. మొదటి చరణం అయింది. రెండో చరణం నాకెప్పుడూ నోటికి రాదు, బుక్కులో కూడా వాడు రాసుకోలేదు. అక్కడికి రాగానే వాడే అందుకునేవాడు.

నేను అక్కడే ఆగితే, కొంచెం సేపు చూసి సోమ్లా లేచాడు.

అక్క,
సంపూర్ణ.